డెల్టా పట్టణంలో ఫైర్ హైడ్రంట్ల మరమ్మతు: ప్రాజెక్టు డైరీ

జనవరి, రెండో వారం: లెక్క తేల్చడం

నీటి విభాగం పాత రిజిస్టరులో 22 హైడ్రంట్లున్నాయి, అంటే అగ్నిమాపక బండ్లు నీళ్లు పట్టుకోవడానికి వీధి పైపుకు పెట్టిన వాల్వులు. రోడ్డు మీద కనిపిస్తున్నవి తొమ్మిది. మిగతావి తారు కిందో సీసీ రోడ్డు కిందో పోయాయి. ఒకటైతే కొత్తగా లేచిన ప్రహరీ గోడ లోపల తేలింది. వీటిలో రెండు రకాలున్నాయి. నేల కింద ఛాంబరులో ఉండేది భూగర్భ హైడ్రంటు, భారత ప్రమాణం ఐఎస్ 909 చెప్పే స్లూయిస్ వాల్వు (లోపలి పలక దించి నీళ్లు ఆపే వాల్వు) రకం. దానికి ముందు స్టాండ్ పైపు బిగించి, ఆ తర్వాత హోసు తగిలించాలి. నేల మీద నిలువుగా ఉండేది స్టాండ్ పోస్టు, ఐఎస్ 908. పాత పేటలన్నిటిలో మొదటి రకమే ఉంది. రోడ్డు కొత్తగా వేసిన ప్రతిసారీ మూత ఇంకాస్త లోతుకు పోతుంది. రెండు మూడు పొరలయ్యాక అక్కడ ఛాంబరు ఉందన్న సంగతే ఎవరికీ పట్టదు.

వెతకడానికి మొదట వాల్వు ఆపరేటరును పిలవాలి, డ్రాయింగు సంగతి తర్వాత. ఏ వాల్వు ఎక్కడుందో, ఏది తిరగదో, ఏది ఉల్టాయో డ్రాయింగులో దొరకదు. "మార్కెట్ దగ్గరది ఎడం పక్కకి తిప్పితే కట్టవుద్దండీ, మిగతావన్నీ కుడి పక్కకే" అన్న ఒక్క మాటతో ఒక స్పిండిల్ (వాల్వును తిప్పే కడ్డీ) విరగకుండా బయటపడింది. అనుమానం ఉన్న చోట మెటల్ డిటెక్టరు పెట్టి, మోగిన చోట సన్న గడ్డపారతో పొడిచి చూడాలి. మూత తగిలితే మోత మారుతుంది. దొరికిన ప్రతి ఛాంబరుకూ దగ్గరి గోడ మీద పసుపు పలక కొట్టించాం. దాని మీద పైన మెయిన్ పైపు వ్యాసం ఎంఎంలలో, కింద గోడ నుంచి దూరం మీటర్లలో ఉంటాయి. రోడ్డు మళ్లీ లేచినా గోడ చోటు మారదు.

జనవరి, మూడో వారం: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

ఊళ్లో నీళ్లు వదిలేది ఉదయం గంటన్నర, సాయంత్రం గంట. మిగతా ఇరవై ఒకటిన్నర గంటలూ వీధి పైపులో నీళ్లుండవు. అంటే ఇంటింటికీ వెళ్లే లైన్ల మీదున్న హైడ్రంటు ఎంత బాగా పనిచేసినా పది అగ్నిప్రమాదాల్లో తొమ్మిదింటికి అక్కరకు రాదు. మన పట్టణాల్లో హైడ్రంట్లు మూలపడటానికి తుప్పు కంటే ఇదే పెద్ద కారణం. తిప్పితే నీళ్లు రానిదాన్ని ఎవరూ రెండోసారి తిప్పరు. తిప్పని వాల్వు బిగుసుకుపోతుంది.

అసలు అవసరం ఎంతో లెక్క వేస్తే దారి తేలుతుంది. మామూలు వాటర్ టెండరులో (నీళ్ల ఫైరింజనులో) 4,500 లీటర్లుంటాయి. 20 ఎంఎం నాజిల్ ఒకటి చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోల పీడనం దగ్గర నిమిషానికి సుమారు 500 లీటర్లు ఖర్చు చేస్తుంది. లెక్క ఇదీ: నాజిల్ వ్యాసాన్ని ఎంఎంలలో వర్గం చేసి, పీడనం వర్గమూలంతో గుణించి, మూడింట రెండు వంతులు తీసుకోవాలి. ఒక్క నాజిల్ నడిస్తే టెండరు తొమ్మిది నిమిషాల్లో ఖాళీ. నిమిషానికి 250 లీటర్లిచ్చే బోరు మోటారుతో నింపడానికి పద్దెనిమిది నిమిషాలు పడుతుంది, రానూపోనూ సమయం దానికి అదనం. రెండు టెండర్లు వంతులు వేసుకున్నా మధ్యలో మంట మీద నీళ్లు ఆగిపోతాయి. అందుకే మా పట్టణానికి హైడ్రంటు అంటే ముందుగా టెండరు నింపుకునే చోటు. హోసు నేరుగా తగిలించి మంట ఆర్పే అవకాశం ఆ తర్వాతి మాట.

నిర్ణయం ఇలా జరిగింది. మూడు ఓవర్‌హెడ్ ట్యాంకుల కింద ఫిల్లింగ్ పాయింట్లు కొత్తగా కట్టాలి. పంప్‌హౌస్ నుంచి ట్యాంకులకు వెళ్లే ఫీడర్ మెయిన్ మీదున్న ఆరు హైడ్రంట్లను బాగుచేయాలి. పంపు నడిచినంతసేపూ వాటిలో పీడనం ఉంటుంది, రాత్రి కూడా పంపు వేయించుకోవచ్చు. మిగతావి విప్పేసి బ్లాంక్ ఫ్లాంజ్ (పైపు నోరు మూసే పలక) వేయాలి. విప్పేయడం కూడా నిర్వహణే. మురుగు కాలువ పక్కన ఛాంబరులో మునిగి ఉన్న హైడ్రంటు వల్ల నష్టం నీళ్లు రాకపోవడంతో ఆగదు. సరఫరా ఆగినప్పుడు పల్లపు ఇళ్లు పైపులో మిగిలిన నీళ్లు లాగేస్తుంటే లైనులో శూన్యం ఏర్పడుతుంది. అప్పుడు వాల్వు సరిగా కూర్చోకపోతే ఛాంబరులోని మురుగు పైపులోకి పోతుంది. మర్నాడు మొదటి బిందెలో వచ్చేది అదే. ఈ ఒక్క కారణం చెబితే చాలు, బ్లాంక్ ఫ్లాంజ్‌లకు ఇంజనీరింగు విభాగం వెంటనే ఒప్పుకుంటుంది.

జనవరి చివర: ఫీడర్ మెయిన్ మీద 14వ నంబరు

ఈ హైడ్రంటు విప్పిన తీరు వివరంగా రాస్తున్నాం, మిగతా ఐదింటికీ ఇదే వరస.

మూత తీసి అరగంట వదిలేయాలి. లోతైన ఛాంబరులోకి వెంటనే తల పెట్టకూడదు. మురుగు గాలి ఉంటుంది. మట్టీ నీళ్లూ తోడాక స్పిండిల్ తల కనిపించింది. చదరపు తల అంచులు అరిగి గుండ్రమయ్యాయి, అంటే ఎవరో సరైన టీ కీ (టీ అక్షరం ఆకారంలో ఉండే వాల్వు పానా) లేకుండా పైపు పానాతో తిప్పారు. దీన్ని బలం పెట్టి తిప్పితే తల ఊడివస్తుంది. కిరోసిన్, గ్రీజు నూనె సమంగా కలిపి గ్లాండ్ (స్పిండిల్ పక్కనుంచి నీళ్లు కారకుండా ఆపే బిగింపు) చుట్టూ పోసి ఒక రాత్రి వదిలేశాం. మర్నాడు గ్లాండ్ నట్లు రెండు చుట్లు వదులు చేసి, కీతో ముందు మూసే వైపు పావు చుట్టు, తర్వాత తెరిచే వైపు అర చుట్టు, మళ్లీ వెనక్కి. ఇలా ముందుకూ వెనక్కూ ఆడిస్తే తుప్పు పొడిగా రాలుతుంది. ఒకే దిక్కున లాగితే ఆ పొడే మరల మధ్య ఇరుక్కుంటుంది.

చుట్లు లెక్కపెట్టి రాసుకోవడం తప్పనిసరి. 100 ఎంఎం వాల్వు పూర్తిగా మూతపడటానికి దాదాపు ఇరవై చుట్లు పడతాయి, తయారీని బట్టి ఒకటి రెండు తేడా వస్తుంది. వాల్వు వాల్వుకూ దాని లెక్క రిజిస్టరులో ఉండాలి. ఇరవై పట్టాల్సింది పదహారుకే ఆగితే సీటు గాడిలో ఇసుక చేరినట్టు. అప్పుడు బలవంతంగా బిగించకూడదు. నాలుగైదు చుట్లు తెరిచి నీళ్లు జోరుగా వదిలి, మళ్లీ మూసి చూడాలి. రెండు మూడు విడతల్లో గాడి కడుక్కుంటుంది. అదే స్పిండిల్ అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతూనే ఉండి నీళ్లలో ఏ మార్పూ లేకపోతే లోపల వెడ్జ్ (నీళ్లు ఆపే పలక) నట్టు మరలు పోయినట్టే. బానెట్ (వాల్వు పై మూత) విప్పాల్సిందే.

14వ నంబరుకు ఇదే రోగం. లైను ఖాళీ చేసి బానెట్ విప్పితే గన్‌మెటల్ (రాగి మిశ్రమం) నట్టు బాగానే ఉంది, స్పిండిల్ మరలే కరిగిపోయాయి. గతంలో ఎవరో మామూలు మైల్డ్ స్టీల్ కడ్డీతో లేతు మీద స్పిండిల్ చేయించి పెట్టారు. నీళ్లలో ఉక్కు తుప్పు పట్టి తినేసింది. ఇక్కడ 13 శాతం క్రోమియం ఉన్న స్టెయిన్‌లెస్ గానీ హైటెన్సైల్ ఇత్తడి గానీ వాడాలి. లేతు షాపుకు పాత స్పిండిల్‌తో పాటు నట్టు కూడా ఇవ్వాలి. మర చదరపుదా, ఏ పిచ్, ఎడమా కుడా అన్నవి నోటితో చెప్పి చేయిస్తే కుదరదు.

గ్లాండ్ తాడు మార్చడంలో అందరూ చేసే పొరపాటొకటుంది: పొడుగు తాడును స్ప్రింగులా చుట్టి కూరడం. ఆ చుట్టు వెంబడే నీళ్లు దారి చేసుకుంటాయి. గ్రాఫైట్ తాడు స్పిండిల్ చుట్టూ కొలిచి, 45 డిగ్రీల కోతతో విడివిడి రింగులు కోయాలి. ఒక రింగు అతుకు మీద మరో రింగు అతుకు రాకుండా పావు చుట్టు జరిపి కూర్చోబెట్టాలి. ఈ వాల్వుకు 10 ఎంఎం తాడు నాలుగు రింగులు పడుతుంది. గ్లాండ్ నట్లు రెండూ ఒక్కో పావు చుట్టు మార్చి మార్చి బిగించాలి, లేకపోతే గ్లాండ్ వంకరగా దిగి స్పిండిల్‌ను పట్టేస్తుంది. పంపు గ్లాండ్ అయితే చుక్క చుక్క కారనివ్వాలి, షాఫ్టు చల్లబడటానికి. ఇది వాల్వు. చుక్క కూడా కారకూడదు. పంపుల మీద పని నేర్చుకున్న ఫిట్టర్లు ఇక్కడ అలవాటుగా వదులు ఉంచేస్తుంటారు.

బానెట్ కింద 3 ఎంఎం రబ్బరు ఇన్సర్షన్ షీటు వేసి, బోల్టులు ఎదురెదురుగా బిగించాలి. ఫ్లాంజ్‌లు కొనే ముందు పాత ఫ్లాంజ్ అట్ట మీద పెట్టి రంధ్రాల అచ్చు తీసుకోవాలి. 80 ఎంఎం ఫ్లాంజ్ కొన్నిటికి నాలుగు రంధ్రాలు, కొన్నిటికి ఎనిమిది. సైజు ఒకటే కదా అని తెస్తే గుంత తవ్వి పెట్టుకుని మళ్లీ కొట్టుకు పరుగెత్తాలి.

ఫిబ్రవరి: ట్యాంకు కింద ఫిల్లింగ్ పాయింటు

ఎక్కడ తగిలించాలన్నదే ఇందులో అసలు కీలకం. ట్యాంకు అవుట్‌లెట్ పైపు మీద, ఆపరేటరు రోజూ మూసే స్లూయిస్ వాల్వు తర్వాత తగిలిస్తే పాత కథే: సరఫరా వేళ తప్ప నీళ్లుండవు. వాల్వుకు ముందే తగిలించాలి. రెండు ట్యాంకులకు ఇంకా మంచి దారి దొరికింది. ట్యాంకు కడగడానికి అడుగు నుంచి దిగే 150 ఎంఎం స్కవర్ పైపు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. దాని మీద, స్కవర్ వాల్వుకు మీటరు పైన టీ జాయింటు పెట్టి 100 ఎంఎం కొమ్మ తీశాం. టీ కింద మిగిలిన మీటరు పైపు బురద దిగే గొయ్యిలా పనిచేస్తుంది. వారానికోసారి స్కవర్ వాల్వు తెరిస్తే ఆ బురద కాలువలోకి పోతుంది. టీని వాల్వుకు ఆనించి పెడితే అదంతా టెండరు ట్యాంకులోకి వచ్చి, అక్కడి నుంచి పంపు ఇంపెల్లరుకు చేరుతుంది. స్కవర్ పైపు కొస కాలువ నీటికి తగలకుండా జానెడు పైనే ఆగాలి.

ఒక్కో పాయింటుకు పట్టిన సామాను: 100 ఎంఎం డీఐ (డక్టైల్ ఐరన్) పైపు 12 మీటర్లు, స్లూయిస్ వాల్వు ఒకటి, డక్‌ఫుట్ బెండు (కింద పాదం ఉన్న వంపు పైపు) ఒకటి, రెండు నోళ్ల స్టాండ్ పోస్టు ఒకటి, 63 ఎంఎం ఇన్‌స్టాంటేనియస్ (నొక్కితే బిగిసే) ఫిమేల్ కప్లింగులున్న ల్యాండింగ్ వాల్వులు (హోసు తగిలించేవి) రెండు, గొలుసుతో బ్లాంక్ క్యాపులు రెండు, ఎం16 బోల్టులు ఫ్లాంజ్ జతకు ఎనిమిది చొప్పున. బెండు వెనక కాంక్రీటు దిమ్మ లేకుండా వదలకూడదు. నోరు నేలకు మీటరు ఎత్తులో ఉండాలి. టెండరు వెనక్కి వచ్చి గుద్దకుండా కాంక్రీటు నింపిన 100 ఎంఎం ఇనుప గొట్టాలు రెండు ముందు పాతించాం. ఎదురుగా నేల గట్టిగా ఉందో లేదో చూసుకోవాలి. నిండిన టెండరు వానాకాలం నల్లరేగడిలో దిగబడితే పాయింటు ఎంత బాగున్నా దండగ.

గన్‌మెటల్ అంటేనే దొంగలకు లోకువ. పాత ఇనుము కొట్లో దానికి మంచి ధర పలుకుతుంది. తాళం పెట్టిన పెట్టె ఒక ఉపాయమే కానీ అర్ధరాత్రి తాళంచెవి ఎవరి దగ్గరుందన్న ప్రశ్న వస్తుంది. పాయింట్లు ట్యాంకు ఆవరణలో, పంపు ఆపరేటరు కళ్ల ముందు ఉండటం వల్ల ఇక్కడ ఆ బెడద తక్కువ. రోడ్డు మీది ఆరింటికి గన్‌మెటల్ క్యాపులు తీసేసి ప్లాస్టిక్‌వి పెట్టాం. మూత పని దుమ్మూ, పిల్లలు కూరే రాళ్లూ ఆపడమే, పీడనం ఆపడం కాదు.

రంగు వేయించేటప్పుడు పక్కన ఒకరు నిలబడాలి. పెయింటరు ఎర్ర రంగు ఉదారంగా పూసేస్తాడు. కప్లింగు లగ్గులు (హోసును పట్టి ఉంచే కొక్కేలు), స్ప్రింగులు రంగులో అతుక్కుపోతాయి. పైకి పెళ్లికొడుకులా మెరిసే హైడ్రంటుకు హోసు మాత్రం తగలదు. లగ్గులకు ముందే గుడ్డ చుట్టాలి. కప్లింగు లోపలి రబ్బరు వాషరుకు మామూలు గ్రీజు రాయకూడదు. రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. సిలికాన్ గ్రీజు రాయాలి, లేదా పొడిగా ఫ్రెంచ్ చాక్ (టాల్క్ పొడి) చల్లాలి.

మార్చి: నిల్వ నీళ్లు, పరీక్షలు

పాయింటు సరే, ట్యాంకులో నీళ్లుండాలిగా. సాయంత్రం సరఫరా అయ్యేసరికి ఆపరేటరు ట్యాంకు అడుగంటా వదిలేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం, చివరి వీధి వాళ్ల ఫోన్లు వెళ్లేది అతనికే. "మీటరు మట్టం వదలరాదు" అని బోర్డు రాస్తే ఓ వారం నిలుస్తుంది. అందుకని ట్యాంకు కడిగే రోజు చూసి, లోపల ఇళ్ల సరఫరా అవుట్‌లెట్ నోటికి 45 సెంటీమీటర్ల నిలువు గొట్టం బిగించాం. ట్యాంకు లోపలి వ్యాసం 12 మీటర్లు, విస్తీర్ణం సుమారు 113 చదరపు మీటర్లు. ఆ లెక్కన 45 సెంటీమీటర్లంటే 50,000 లీటర్లు. ఇళ్లకు ఎంత వదిలినా ఆ మట్టం కిందికి దిగదు. అడుగునున్న స్కవర్ పైపు ద్వారా టెండరుకు మాత్రమే అందుతుంది. పదకొండు టెండర్ల నీళ్లు. నీళ్లు నిలిచిపోయి క్లోరిన్ తగ్గుతుందన్న అభ్యంతరం సబబైనదే. అందుకే మునిసిపాలిటీ మొక్కలకు నీళ్లు పోసే ట్యాంకరును రోజూ ఇదే పాయింటులో నింపుకోమన్నాం. నీళ్లు కదులుతాయి, వాల్వు రోజూ తిరుగుతుంది. బిగుసుకుపోయే ప్రసక్తే లేదు.

మూడో ట్యాంకుకు స్కవర్ పైపు దిమ్మలో పూడిపోయి ఉంది, కొమ్మ తీయడానికి చోటు లేదు. దానికి అవుట్‌లెట్ వాల్వు ముందు నుంచే తీశాం. కాబట్టి అక్కడ ప్రత్యేక నిల్వ లేదు. ఫైర్ స్టేషన్ మ్యాపులో దాన్ని వేరే రంగుతో గుర్తించాలి.

పరీక్షకు 63 ఎంఎం మేల్ అడాప్టరుకు 0 నుంచి 7 కిలోల గేజి బిగించుకుంటే చాలు. కానీ మూసి ఉన్నప్పటి పీడనం ఒక్కటే చూసి సంతోషపడకూడదు. ఫీడర్ మీద ఒక హైడ్రంటు గేజి 2 కిలోలు చూపించింది. రెండో నోరు తెరవగానే ముల్లు సున్నాకు పడిపోయింది. ఎగువ వాల్వు మూడొంతులు మూసి ఉంది. నీళ్లు కదలనంతసేపూ సన్నని సందులోంచి కూడా పూర్తి పీడనం వస్తుంది. అందుకని ఒక నోటికి గేజి, ఇంకో నోరు తెరిచి చూడటమే సరైన పద్ధతి. ట్యాంకు పాయింట్లకు అంతకంటే సులువైన కొలత టెండరే. 12 మీటర్ల స్టేజింగు (స్తంభాల ఎత్తు) ఉన్న ట్యాంకు కింద, 15 మీటర్ల హోసు ఒకటి పెడితే 4,500 లీటర్లు సుమారు ఐదు నిమిషాల్లో నిండాయి, రెండు హోసులతో మూడు నిమిషాలు. 30 మీటర్ల హోసు పెడితే రాపిడి పెరిగి నిమిషం ఆలస్యమవుతుంది. ఇక్కడ పొట్టి హోసే మేలు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు వీధి చివర చూసే హైడ్రంట్ల టోపీ రంగులకు అర్థముంది. ఎన్‌ఎఫ్‌పీఏ (అక్కడి అగ్నిరక్షణ సంఘం) 291 సిఫారసు ప్రకారం నిమిషానికి 1,500 గాలన్లు దాటితే లేత నీలం, 1,000 దాటితే ఆకుపచ్చ, 500 దాటితే నారింజ, అంతకు తక్కువైతే ఎరుపు. ఆ కొలతకు మా పాయింట్లన్నీ ఎరుపే. కాబట్టి రంగుల జోలికి పోకుండా, నింపడానికి ఎన్ని నిమిషాలో అంకె స్టాండ్ పోస్టు మీదే రాయించాం. డ్రైవర్ ఆపరేటరుకు కావలసింది అదే.

మూసేటప్పుడు తొందర పనికిరాదు. ఇనుప పైపులో సెకనుకు మీటరు వేగంతో వస్తున్న నీళ్లు ఠక్కున ఆగితే పీడనం ఒక్కసారిగా పది కిలోల పైన లేస్తుంది. పాత ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపులు కాలర్ల దగ్గర పగిలేది ఇలాంటప్పుడే. చివరి ఐదు చుట్లు మరీ నెమ్మదిగా తిప్పాలి.

ఏప్రిల్: కాలువ కట్టేశాక

డెల్టా కాలువలు వేసవిలో కట్టేస్తారు. చలికాలమంతా టెండర్లు ఎక్కడపడితే అక్కడ సక్షన్ హోసు వేసి తోడుకునే నీళ్లు, గడ్డివాములూ పూరిళ్లూ తగలబడే నెలల్లోనే ఉండవు. ఫిల్లింగ్ పాయింట్లను మార్చి దాటకుండా ముగించాలని పట్టుబట్టింది ఇందుకే. చెరువుల్లో కూడా మట్టం పడిపోతుంది. సక్షన్ ఎత్తు ఆరేడు మీటర్లు దాటితే పంపు పట్టదు. రైసు మిల్లుల సంపులు, ఫంక్షన్ హాళ్ల సంపుల జాబితా కూడా మ్యాపులో చేర్చాం, యజమానుల అనుమతితో.

ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక సేవా వారోత్సవాలు. 1944లో అదే తేదీన బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి, మంటలార్పుతున్న సిబ్బంది కూడా ప్రాణాలు కోల్పోయారు. ఏటా జరిగే ప్రదర్శనలో నురుగూ, నిచ్చెనలూ చూపిస్తారు. ఈసారి ఒక టెండరు ఖాళీ చేస్తుంటే ఇంకోటి రెండో ట్యాంకు దగ్గర నింపుకుని వచ్చే వంతుల డ్రిల్లు పెట్టాం. ట్యాంకు నుంచి మార్కెట్‌కు సందుల్లో మూడు నిమిషాలు. రెండు హోసులతో నింపడం మూడు, తగిలించి విప్పడం ఒకటి, రానూపోనూ ఆరు, మొత్తం పది. ఒక నాజిల్‌కు తొమ్మిది నిమిషాలు సరిపోయే నీళ్లతో పోలిస్తే నిమిషం వెలితి. మూడో బండి గానీ, మార్కెట్ దగ్గర 5,000 లీటర్ల తొట్టి గానీ ఉంటే తీరుతుంది. తొట్టికి అంచనా వేసి పంపాం.

నిర్వహణ వరస: వారానికోసారి స్కవర్ వదలాలి. నెలకోసారి లైన్లలో తెరిచి ఉండే ప్రతి వాల్వూ పూర్తిగా మూసి, పూర్తిగా తెరిచి, చివర్లో పావు చుట్టు వెనక్కి తిప్పి వదలాలి. కొసకంటా బిగించి ఉంచితే తర్వాత వచ్చినవాడు అది మూసి ఉందో తెరిచి ఉందో తెలియక తప్పు దిక్కున బలం పెడతాడు. మూడు నెలలకోసారి వాషర్లు, లగ్గులు చూడాలి. ఏడాదికోసారి, జనవరిలో, నీళ్లు వదిలి పీడనం కొలవాలి. స్టేషన్‌లో స్పేరు పెట్టె ఒకటి ఉండాలి. 63 ఎంఎం వాషర్లు రెండు డజన్లు, 10 ఎంఎం గ్రాఫైట్ తాడు ఐదు మీటర్లు, ఇన్సర్షన్ షీటు చదరపు మీటరు, ఎం16 బోల్టులు ముప్ఫై రెండు, బ్లాంక్ క్యాపులు నాలుగు, టీ కీలు రెండు. ఒక కీ బండిలోనే ఉండాలి.

రోడ్ల అంచనాల్లో "ఛాంబర్ల మూతలు రోడ్డు మట్టానికి లేపడం" అనే పద్దు చేర్చమని ఇంజనీరింగు విభాగానికి రాశాం. ఈ ఏడాది రెండు రోడ్లకు చేర్చారు. స్టేషన్ రోడ్డుకు ఇంకా చేర్చలేదు. అక్కడే 9, 11 నంబర్లున్నాయి, రెండూ ఫీడర్ మీదివే. పనులు మొదలయ్యేలోపు వాటిని స్టాండ్ పోస్టులుగా పైకి లేపాలి. బెండ్లు వచ్చాయి, 80 ఎంఎం రైజర్లు రావాలి. 14వ నంబరు స్పిండిల్ లేతు షాపు నుంచి రాగానే బిగించడం, ఆ పూటకు రాత్రి పంపింగు ఆపించుకోవడం మే మొదటి వారం పని.